గట్టు పెద్ద జవాబు

రొయ్యలు గట్టుకెక్కుతున్నాయి.

ఫ్లోరా స్కూటీని ఉప్పుటేటి కట్ట మీదే వదిలేసి పరుగెత్తింది. చెంచురామయ్య చెరువు చుట్టూ అప్పటికే జనం. నీటి అంచున రొయ్యలు మీసాలు పైకెత్తి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, గాలి కోసం కొట్టుకుంటున్నాయి. కొన్ని ఎగిరి బురదలో పడుతున్నాయి. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లన్నీ తిరుగుతూనే ఉన్నాయి. నిన్నటిదాకా చిక్కటి పచ్చగా ఉన్న నీళ్ళు ఈ ఉదయం బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడి ఉన్నాయి.

"జరగండన్నా, దారివ్వండి."

ఆమె వంగి, నీళ్ళలో ప్రాణవాయువు కొలిచే మీటరు ముంచింది. అంకె చూసి, మీటరును విదిలించి మళ్ళీ ముంచింది. అంకె మారలేదు. ఈ నీళ్ళలో ఊపిరి లేదు.

చెంచురామయ్య మోకాలి లోతు నీళ్ళలో నిలబడి రొయ్యల్ని దోసిళ్ళతో ఎత్తి ఏరియేటర్ల వైపు విసురుతున్నాడు. విసిరినవి విసిరినట్టే మునిగిపోతున్నాయి. సంగం ఊరి దగ్గర వరి పండించుకునే మనిషి. ఈ ఏడే మొదటిసారి సముద్రం వైపు వచ్చి చెరువు కౌలుకు తీసుకున్నాడు. ఇదే మొదటి పంట. అతని భార్య వెంకటశేషమ్మ గట్టు మీద కూలబడి, చచ్చిన రొయ్యల్ని ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంటోంది. ఎందుకు వేసుకుంటోందో ఆమెకే తెలియదు.

"బతుకుతాయా అమ్మా?" అన్నాడు చెంచురామయ్య.

ఫ్లోరా నీటి పరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ఈ ప్రశ్నకు జవాబు ఆమెకు తెలుసు. అందుకే సూటిగా చెప్పలేకపోయింది.

"పక్క చెరువు నుంచి నీళ్ళు ఎత్తండి, తొందరగా. నిన్న ఏమేసినారు ఇందులో?"

"మైలుతుత్తం."

"మైలుతుత్తమా! ఈ మబ్బులోనా?"

నీళ్ళను పచ్చగా ఉంచే నాచు పగలు ఎండకు ఊపిరి పోస్తుంది. మైలుతుత్తం పడితే ఆ నాచంతా ఒక్కసారిగా చస్తుంది. చచ్చి కుళ్ళి, ఉన్న ఊపిరిని కూడా తినేస్తుంది. మబ్బు పట్టినప్పుడైతే మరీ తొందరగా. ఇది ఈ తీరంలో రొయ్యలు పెంచే ఎవరికైనా తెలుసు. కొత్తగా వచ్చిన మనిషికి తప్ప.

"ఎవరు చెప్పినారు నీకు?"

చెంచురామయ్య తడి చెయ్యి పంచెకు తుడుచుకుని ఫోన్ తీసి ఇచ్చాడు.

తెర మీద 'చెరువు గట్టు' తెరిచి ఉంది. కృష్ణపట్నం నుంచి చిల్లకూరు దాకా రొయ్యల రైతులంతా ఉండే వేదిక అది. ఒకరు ప్రశ్న పెడతారు, తెలిసినవాళ్ళు జవాబు పెడతారు. నచ్చిన జవాబు కింద 'మేలు' అని నొక్కుతారు. నచ్చకపోతే 'వద్దు'. మేళ్ళు ఎక్కువ వచ్చిన జవాబు పైకి పోతుంది. వద్దులు ఎక్కువైతే జవాబు ముడుచుకుని అడుక్కి పోతుంది. అందరికంటే ఎక్కువ మేళ్ళు కూడబెట్టిన మనిషి పేరు పక్కన ఎర్ర పడవ బొమ్మ వస్తుంది. ఆ మనిషిని గట్టు పెద్ద అంటారు. వారం రోజులు ఎవరికీ జవాబు పెట్టకపోతే పడవ పోతుంది, తర్వాతివాడికి వెళ్తుంది. వేదిక బాగోగులు చూసే పని ఫ్లోరాది.

చెంచురామయ్య ప్రశ్న చిన్నది. 'నీళ్ళు బాగా పచ్చబడినాయి. ఏం చేయాల?' దాని కింద, అన్నిటికంటే పైన, ఎర్ర పడవతో జవాబు.

'మైలుతుత్తం కరిగించి చెరువంతా చల్లు. తెల్లారేసరికి నీళ్ళు తేటపడతాయి. దేవుడు నీ కష్టాన్ని దీవించును గాక. జకరయ్య, గట్టు పెద్ద.'

జకరయ్య ఫ్లోరా మామగారు.

"శుక్రవారం పెట్టినాడాయన," అన్నాడు చెంచురామయ్య. "నాకు ధైర్యం చాల్లా. రెండు రోజులు గమ్మునున్నా. నిన్న ఆదివారం మధ్యాహ్నానికి ఎంతమంది మేలు అన్నారో చూడు. ఇంతమంది చదువుకున్నోళ్ళు చెప్తుంటే నాదేముందిలే అని నిన్న తెచ్చి చల్లినా."

మేలు నొక్కినవాళ్ళ పేర్లు ఫ్లోరా కిందికి జరిపింది. అన్నీ తెలిసిన పేర్లే. అన్నీ చర్చి పేర్లే. ఆదివారం ఆరాధన అయ్యాక జనం, అక్కడ వాక్యం చెప్పే జకరయ్యకు వందనాలు చెప్పడానికి వరసలో నిలబడతారు. చెయ్యి కలిపి, ఆయన ముందే ఫోన్ తీసి, ఆ వారం ఆయన పెట్టిన జవాబులన్నిటికీ గబగబా మేలు నొక్కేస్తారు. చదవరు. నొక్కకుండా వస్తే పెద్దాయన్ని చూసి తల తిప్పుకున్నట్టు. ఎవరూ పెట్టిన నియమం కాదిది, అలా అలవాటైపోయింది.

ఆమె వేలు ఆగిపోయింది.

ఎలిశబెతు, కిషోర్ బాబు పేర్ల మధ్యలో ఫ్లోరా అని ఉంది.

ఆదివారం చర్చి మెట్ల మీద, ఒక చేత్తో చెప్పులు వేసుకుంటూ, ఇంకో చేత్తో నొక్కింది. చదివి ఉంటే అక్కడే ఆపేది. నీటి పరీక్షలు చదువుకున్న మనిషి, వేదికను కాయాల్సిన మనిషి, చెప్పులు వేసుకుంటూ నొక్కింది. ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు ఆ పేర్ల పట్టీని మూసేసి ఇచ్చింది.

ఇచ్చేముందే ఆమె చూసింది, అన్నిటికంటే కింద ముడుచుకుపోయిన ఇంకో జవాబు ఉంది. 'ఒరే నాయనా, తుత్తం చల్లబాకు! మబ్బుండాది. మేత ఆపి నీళ్ళు మార్చు. ఆ మాట చెప్పినాయనకు చెరువు నీళ్ళ రంగైనా గుర్తుండాదో లేదో.' పెంచలప్రసాద్ పెట్టింది. పెద్దాయన్ని ఎగతాళి చేశాడని చర్చి మొత్తం వద్దు నొక్కింది. చెంచురామయ్య దాన్ని చూడనే లేదు.

*

జకరయ్య భార్య జయశీల భుజం పట్టుకుని గట్టు మీదికి వచ్చాడు. తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు. శుక్రవారం నెల్లూరులో కంటి ఆపరేషన్ అయింది. రెండో కన్ను ఎప్పటినుంచో మసకే. జనం పక్కకు జరిగి దారిచ్చారు. ఆమె తల దించుకుని నడుస్తోంది.

"పెద్దాయనా," చెంచురామయ్య నీళ్ళలోంచి బయటికి వచ్చాడు. "నువ్వు చెప్పినట్టే చేసినా. చూడు."

జకరయ్య చూడలేదు. చూడలేడు కూడా. కానీ వాసన తగిలినట్టుంది, ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"నేను చెప్పలా నాయనా."

"నీ పేరుండాది!"

"పేరుంటది. శుక్రవారం నేను ఆస్పత్రి మంచం మీదుండా. కంటికి కట్టు. రాసేదెట్టా?" గొంతు స్థిరంగా ఉంది. ప్రసంగం చెప్పే గొంతు. "ఈ అకౌంటు నాకు తెరిచిపెట్టినోడు ఒకడుండాడు. పాస్‌వర్డు వాడికి తెలుసు. అంతకంటే నేనేం చెప్పను."

సరిగ్గా అప్పుడే పెంచలప్రసాద్ మోటార్ సైకిల్ మీద ఆక్సిజన్ బిళ్ళల సంచీ వేసుకుని వచ్చాడు. ఊళ్ళో మేత, మందులు అమ్మే కొట్టు అతనిది. మేళ్ళ లెక్కలో జకరయ్య తర్వాతివాడు అతనే. ఒకప్పుడు ఇద్దరూ ఒకే టీ పంచుకున్న స్నేహితులు. అప్పుడే జకరయ్య ఫోన్‌లో ఆ వేదిక తెరిచిపెట్టిందీ ఇతనే.

"సంచి పట్టుకోండి రా, చూస్తా నిలబడతారేంది!" అని అరిచి, అందరూ తననే చూస్తున్నారని గమనించి ఆగాడు. "ఏంది? నేనేం చేసినా?"

ఎవరో చెప్పారు. పెంచలప్రసాద్ జకరయ్య వైపు తిరిగాడు.

"నేనా పెద్దాయనా?"

"నేను పేరు చెప్పలా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటుండావు."

"నేనే రాసుంటే, కింద నేనే చల్లబాకు అని ఎందుకు పెడతా?"

"అదే కదా నీ తెలివి," అన్నాడు కిషోర్ బాబు వెనక నుంచి. "ఆయన్ని తప్పు చేసి నువ్వు మంచోడివి కావాల. పడవ బొమ్మ నీకు రావాల."

మాట నిప్పులా అంటుకుంది. ఒకడు పెంచలప్రసాద్ చొక్కా పట్టుకున్నాడు. సంచి జారి గట్టు బురదలో పడి పగిలింది. తెల్ల బిళ్ళలు దొర్లాయి. వాటిని ఎవరూ ఏరలేదు, పెంచలప్రసాద్ ఒక్కడే వంగి ఏరి చెరువులోకి విసిరాడు. విసురుతూనే అన్నాడు.

"ఫ్లోరమ్మా, ఏ ఫోన్ నుంచి వచ్చిందో నీకు లోపల కనపడతదంట కదా. చూసి చెప్పు. అంతే చాలు నాకు. రొయ్యలకు మందు పెట్టి చంపినోడని పేరు పడితే ఈ తీరంలో నా కొట్టు మెట్టెక్కేవాడుండడు."

జకరయ్య తల కొంచెం కదిలింది. కోడలు ఎటువైపు ఉందో వెతికినట్టు.

చెంచురామయ్య బురద కాళ్ళతో వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఈ చెరువు నాకు తిరిగి రాదు. అది నాకు తెలుసు. పేరు కావాల. ఎవురు చెప్పినారో ఆ పేరు. నలుగురిలో, బయటికి."

మధ్యాహ్నం తుఫాను షెల్టరులో కూర్చోవాలని అందరూ అనుకున్నారు.

*

ల్యాబ్ షట్టర్ సగం దించుకుని ఫ్లోరా కంప్యూటర్ తెరిచింది. ఆమె చూస్తుండగానే ఆ జవాబుకు ఇంకో మేలు పడింది. చిల్లకూరు వైపు నుంచి ఎవరో, ఏమీ తెలియనివాళ్ళు, పడవ బొమ్మ చూసి నొక్కి ఉంటారు.

జవాబు పక్కనున్న మూడు చుక్కలు నొక్కింది. రెండు మాటలు వచ్చాయి. 'వివరం', 'తీసెయ్'. తీసేస్తే జవాబుతో పాటు అది ఎక్కడి నుంచి వచ్చిందన్న ఆనవాలు కూడా పోతుంది. ఆమె వివరం నొక్కింది.

పెంచలప్రసాద్ ఫోన్ కాదు. మామగారి ఫోన్ కూడా కాదు.

ఫ్లోరా భర్త రూఫస్ పోర్టులో ఉద్యోగం వచ్చిన కొత్తలో తన తల్లికి కొనిచ్చిన ఫోన్.

*

జయశీల పెరట్లో పీట వేసుకుని కానాగంత చేపలు కోస్తోంది. ఫ్లోరా వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది. సర్వి చెట్ల తోపు మీదుగా పవర్ ప్లాంటు పొగ సముద్రం వైపు వాలుతోంది.

"అత్తా. శుక్రవారం నీ ఫోన్ ఎవరి చేతిలో ఉంది?"

కత్తి ఆగింది.

"నా చేతిలోనే."

"ఆ జవాబు?"

"నేనే పెట్టినా."

"మైలుతుత్తమంటే ఏందో తెలుసా నీకు?"

"తెలీదు."

"మరి ఎవరు చెప్పినారు?"

జయశీల చేప పొట్ట చీల్చి, లోపలిది తీసి, కాకులకు విసిరింది. "కట్టు కట్టినాక ఆయనకు ఒకటే యావ. వారం అయిపోతుండాది, పడవ పోతది, పెంచలయ్యకు పోతది అని. నీ ఫోన్లో నాది తెరువు అన్నాడు. తెరిచినా. ఎవరూ జవాబు పెట్టని ప్రశ్న ఏదన్నా ఉండాదేమో చూడమన్నాడు. ఇదొకటి కనపడినాది. చదివినా. ఊపిరి తీసినంత సేపట్లో చెప్పేసినాడు, మైలుతుత్తం అని. నేను కొట్టినా."

"నువ్వేమీ అనలేదా?"

"అన్నా. అవతలోడు చెరువు ఫోటో పెట్టినాడు, మీకు కనపడదు కదా, తెలీదని పెట్టేదా అన్నా. గట్టు పెద్ద తెలీదంటే ఎట్టామే అన్నాడు."

ఫ్లోరాకు ఆస్పత్రి గుర్తొచ్చింది. చీటీ రాసే నర్సు పేషెంటు పేరేమిటని అడిగితే జయశీల పెదవులు బిగించి కోడలి వైపు చూసింది. 'ఏం పెద్దమ్మా, మొగుడి పేరు మరిచిపోయినావా?' అని నర్సు నవ్వితే, 'మరవలా, అనను' అంది. పెళ్ళైన నాటి నుంచి ఆమె నోట ఆ పేరు ఎవరూ వినలేదు. చర్చి రిజిస్టరు దగ్గర, రేషన్ దుకాణం దగ్గర, ఎక్కడైనా కొడుకు చెప్పాలి, లేదా కోడలు. ఆమెకు ఆయన 'ఆయనే', లేకపోతే 'రూఫస్ వాళ్ళ నాయన'.

"నా పేరు చెప్పు," అంది జయశీల, కత్తి కడుక్కుంటూ. "ఆడది, తెలీక నొక్కిందంటారు. రెండు రోజులు నవ్వుకుంటారు. పోతది."

"అది నిజం కాదు కదా అత్తా."

"సగం నిజమే కదా."

ఫ్లోరా లేచి వసారాలోకి వెళ్ళింది. జకరయ్య కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. పెరట్లో మాటలన్నీ వసారాకు వినపడతాయి.

"దాన్ని తీసేసేదానికి వీలుండాదంట కదమ్మా?" అన్నాడు ఆమె నోరు తెరవకముందే.

"తీసేస్తే పెంచలప్రసాద్ అన్న గతేంది మామయ్యా?"

"వాడు వ్యాపారస్తుడు. రెండు నెలలు పోతే జనం మరిచిపోతారు. నన్ను మరవరు. నేను వాక్యం చెప్పే మనిషిని."

"తెలియదని ఒక్క మాట పెట్టుంటే సరిపోయేది."

"తెలీదా?" జకరయ్య నల్ల అద్దాల ముఖాన్ని ఆమె వైపు తిప్పాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నాకా? చేపల చెరువులకు ఎన్నిసార్లు చల్లలా తుత్తం? నేను చల్లితే ఒక్క చేప చావలా."

ఆయన చెరువు కౌలుకిచ్చి చాలా కాలమైంది. రొయ్య ముఖం చూసి ఇంకా ఎక్కువ కాలమైంది. ఫ్లోరాకు కోపం రావాలి. వచ్చింది సిగ్గు. ఈ మనిషిని ఇంత ఎత్తున కూర్చోబెట్టిన వేళ్ళలో తన వేలు ఒకటి. అడిగే నోరు ఎక్కడిది తనకు?

"నువ్వు ఈ ఇంటి కోడలివి," అన్నాడు జకరయ్య నెమ్మదిగా. "అది గుర్తు పెట్టుకుని నొక్కు. ఏది నొక్కినా."

*

షెల్టరు మేడ మీద పెద్ద గది నిండిపోయింది. కిటికీల్లోంచి ఉప్పుగాలితో పాటు చెరువు వాసన కూడా వస్తోంది. చెంచురామయ్య, వెంకటశేషమ్మ ముందు వరసలో చాప మీద కూర్చున్నారు. పెంచలప్రసాద్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని చుట్టూ ఖాళీ. అంత ఇరుకు గదిలో అతని పక్కన మాత్రం ఎవరూ కూర్చోలేదు. జకరయ్యకు కుర్చీ వేశారు. జయశీల ఆడవాళ్ళ మధ్యలో చివర.

"చెప్పమ్మా ఫ్లోరా," అన్నాడు కిషోర్ బాబు. "అందరికీ తెలిసిందే, నోటితో అనేస్తే అయిపోతది. వీణ్ణి వేదికలోంచి తీసెయ్యాల, కొట్టు మెట్టెక్కగూడదు."

ఫ్లోరా లేచింది. చేతిలో ఫోన్ తెరిచే ఉంది. మూడు చుక్కలు, రెండు మాటలు. ఆమె బొటనవేలు 'తీసెయ్' మీద ఆడుతోంది. ఒక్క నొక్కు. ఆనవాలు దొరకలేదని చెప్పొచ్చు. ఎవరూ తప్పు పట్టరు. తన ఇల్లు నిలబడుతుంది.

వెంకటశేషమ్మ ఇంకా ఆ చీరలోనే ఉంది. కొంగు ముడిలో రొయ్యలు. వాటిని పారేయాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఫ్లోరా ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టింది.

"జవాబు పెంచలప్రసాద్ అన్న ఫోన్ నుంచి రాలేదు."

గది గుసగుసలాడింది. పెంచలప్రసాద్ కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకోటి. ఆ జవాబు పైకి పోయింది దానంతట అది కాదు. మేలు నొక్కినవాళ్ళలో నా పేరుంది. నేను చదవలా. చెప్పులేసుకుంటా నొక్కినా." ఫ్లోరా గదినంతా ఒకసారి చూసింది. "మీరు చదివినారా? చదివి నొక్కినోళ్ళు ఒక్కరుంటే చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. కొన్ని తలలు దిగాయి. ఎలిశబెతు పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక వరసలో ఒకరిద్దరు గుట్టుగా ఫోన్లు తీశారు. బల్ల మీద బోర్లా ఉన్న ఫోన్ చిన్నగా వణికింది. ఒక మేలు వెనక్కి. మళ్ళీ వణికింది. ఇంకొకటి. కిషోర్ బాబు చెయ్యి జేబులో ఉంది. ఆ చెయ్యి ఏం చేస్తోందో పక్కనున్న ప్రతివాడికీ తెలుసు.

"ఇప్పుడు తీసుకుంటే చెరువు లేచొస్తదా కిషోరన్నా?" అన్నాడు పెంచలప్రసాద్. ఎవరూ నవ్వలేదు.

"మరి ఎవురి ఫోనమ్మా?" చెంచురామయ్య అడిగాడు. "అది చెప్పలేదు నువ్వు."

"మా ఇంట్లోదే."

ఫ్లోరా తల ఎత్తలేకపోయింది. గదిలో ఎవరో దగ్గారు. ఆ దగ్గు కూడా సిగ్గుపడినట్టు మధ్యలోనే ఆగిపోయింది. ఇంకొక్క మాట చెబితే అయిపోతుంది. ఆ ఒక్క మాట ఆమె నాలుక మీదికి రావడం లేదు.

వెనక నుంచి గాజుల చప్పుడు. జయశీల నిలబడింది.

"నా ఫోను. నొక్కింది నేను."

ఫ్లోరా భయపడినట్టే, ఒక నిట్టూర్పు. గది అంతా ఒకేసారి గుండె మీది బరువు దించుకున్నట్టు. ఆడవాళ్ళలో ఎవరో "అయ్యో అక్కా" అన్నారు. ఎవరో, "ఫోనుతో ఆడుకుంటా నొక్కేసినాదేమో, పాపం" అన్నారు. కిషోర్ బాబు జేబులోంచి చెయ్యి తీసి, "పోనీలే, తెలీక జరిగినాది" అన్నాడు. పొద్దున పెంచలప్రసాద్ చొక్కా పట్టుకున్న మనిషి కూడా తల ఊపాడు.

ఫ్లోరా మామగారి వైపు చూసింది. ఇప్పుడు చెబుతాడు. ఇప్పుడన్నా లేస్తాడు.

జకరయ్య లేచాడు.

కుర్చీ చేయి పట్టుకుని, అద్దాలు సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు. గది అలవాటుగా సద్దుమణిగింది.

"చెంచురామయ్యా. నా ఇంటి మనిషి వల్ల నీకు నష్టం జరిగినాది. తెలివి లేని మనిషి. ఏది ముట్టుకోవాలో ఏది ముట్టుకోకూడదో తెలీదు. నా ముఖం చూసి ఆమెను క్షమించు. పెంచలయ్యా, నువ్వు కూడా. ఆమె కోసం అందరం ఒక్క నిమిషం తల వంచి ప్రార్థన చేద్దాం."

తలలు వంగాయి. సగం తలలు అప్పటికే వంగి ఉన్నాయి.

వంగని తల ఒకటే. జయశీల ఆయన్ని చూస్తోంది. పొద్దున్నుంచి నేల చూపులు చూసిన మనిషి ఇప్పుడు రెప్ప వేయడం లేదు. నేరం నెత్తిన వేసుకోవడానికి ఆమె సిద్ధపడే వచ్చింది. క్షమాపణకు మాత్రం సిద్ధపడలేదు.

"ప్రార్థన ఆపండి," అంది.

జకరయ్య నోరు సగంలో ఆగింది. తలలు లేచాయి.

"కూర్చోమే," అన్నాడాయన. గొంతు తగ్గించి అన్నాడు కానీ అందరికీ వినపడింది.

జయశీల కూర్చోలేదు. కూర్చున్న ఆడవాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ ముందుకు వచ్చింది. వెంకటశేషమ్మ ముందు ఆగింది. ఆ కొంగు ముడి వైపు చూసింది.

"నొక్కింది నా వేలే," అంది. "కానీ ఆ మాట నాది కాదు. నాకు తుత్తమంటే ఏందో తెలీదు. చదివినా, చెప్పినారు, కొట్టినా. వద్దంటే కూడా వినలేదు. పొద్దున గట్టు మీద ఈ పెంచలయ్య మీదికి తోసినప్పుడు పక్కనే ఉండి నోరు మూసుకున్నా. అది నా తప్పు. అది నాది."

"ఎవురు చెప్పినారమ్మా?" చెంచురామయ్య లేచి నిలబడ్డాడు. అతని గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "పొద్దున్నుంచి అడుగుతుండా. నాకు పేరు చెప్పేవాళ్ళే లేరు ఈ ఊళ్ళో."

జయశీల పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. ఫ్లోరాకు అర్థమైంది. ఎప్పటిలాగే ఆమె కోడలి వైపు తిరుగుతుంది, 'నువ్వు చెప్పు' అని చూస్తుంది. ఈసారి చెప్పాలి. ఫ్లోరా నోరు తెరవబోయింది.

జయశీల ఆమె వైపు తిరగలేదు. చెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు సైగ చేసింది. కుర్చీ ముందు నిలబడ్డ మనిషి నల్ల అద్దాల్లోకి సూటిగా చూసింది. పక్కనున్న ఆడవాళ్ళకు ఏం జరగబోతోందో ముందే తెలిసిపోయింది. ఎలిశబెతు "వద్దక్కా" అని కొంగు పట్టుకుంది. జయశీల దాన్ని నెమ్మదిగా విడిపించుకుంది.

"జకరయ్య," అంది.